సూర్యనారాయణుని మేలుకొలుపు: ఒక వ్రతగేయ పరామర్శ

మాఘ శుద్ధ సప్తమికి రథసప్తమి యని పేరు. కశ్యపునకు అదితియందు సూర్యుడు జన్మించిన దినమదియే యనియు, ఆయన రథము ఉత్తరదిశకు మరలిన దినమదియే యనియు పౌరాణికులు చెప్పుదురు. ఆనాడు తెల్లవారకమునుపే యేడు జిల్లేడాకులను, రేగుపండ్లను తలపై నుంచుకొని స్నానము చేయుట, ముంగిట రథము ముగ్గు వేయుట, ఎండ పడుచోట పిడకలపై పాలు పొంగించి పరమాన్నము వండుట, దానిని చిక్కుడాకులలో నుంచి నివేదించుట, చిక్కుడుకాయలకు పుల్లలు గ్రుచ్చి చిన్న రథము చేయుట తెలుగువారందఱు నెఱిగినవే. బళ్లారి సీమలో ఈ యాచారమునకు భాషాభేదము లేదు. మనము జిల్లేడనుదానిని పొరుగింటి కన్నడిగులు ఎక్కమందురు. ఆ ఎక్కము సంస్కృతమందలి అర్కమునకు తద్భవము. అర్కమనగా చెట్టును, సూర్యుడును గూడ. ఆకు ఒక్కటే, స్నానమొక్కటే, పాలు పొంగుట యొక్కటే.

వ్రతవిధానమునుగూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. వ్రతముతోపాటు మన యింటి స్త్రీలు పాడు పాటను విమర్శదృష్టితో చూచినవారు తక్కువ. ఈ వ్యాసము ఆ పాటనుగూర్చినది. సూర్యనారాయణుని మేలుకొలుపని దానికి ప్రసిద్ధి. మాఘమాసపు టాదివారములందును, రథసప్తమినాడును ముఖ్యముగా వినవచ్చునది. ప్రతి చరణమును పగటిలో నొక వేళను పేర్కొనును; ఆ వేళ సూర్యుడే పువ్వు చాయలో నుండునో చెప్పును; పిదప నా పువ్వుపై మఱియొక పూవు చాయనో, ఒక పొడినో చల్లును. ఇంతకుమించి పాటలో కథ లేదు, కోరిక లేదు, ఫలశ్రుతి చెప్పుటకు తొందర లేదు. ప్రొద్దు పొడుచునప్పుడు పొన్న, జాము గడచునప్పటికి జాజి, నడిమింటికి మల్లె, మూడవ జామునకు మునగ, ఆ పిమ్మట ఆవ, వంగ, గుమ్మడి యను క్రమము నేను వినిన పాఠములలో విస్తారముగా కనబడినది. పాఠభేదములు లేకపోలేదు. వానిని తుదియందు ప్రస్తావింతును.

ఈ పాటను భక్తిగేయముల వరుసలో చేర్చి విడుచుట మన పండితులకు వాడుక. కవిత్వమని యొప్పుకొనువారు సైతము ఇది యక్షరసామ్యముకొఱకు పేర్చిన పూలపట్టిక యని తేల్చివేయుచుందురు. ఆ తీర్పుతో నేనేకీభవింపజాలను. కడుపు మాడ్చుకొని ప్రొద్దుటినుండి ప్రొద్దు క్రుంకువఱకు ఆకాశమును కనిపెట్టుకొనియున్న యొక స్త్రీ చూపునుండి పుట్టిన కాలకావ్యమిది. వ్రతనియమమే దీనికి శిల్పమైనది.

మొదట పేరును చూతము. ఇది మేలుకొలుపు. మన భాషలో మేలుకొలుపులకు కొదవ లేదు. రామునకు, కృష్ణునకు, వేంకటేశ్వరునకు, తులసికి గూడ కలవు. వాని స్వభావమెట్టిది? పక్షులు కూసినవి, తామరలు విచ్చినవి, వాకిట భక్తులు కాచియున్నారు, లెమ్మని చెప్పి ముగియును. ఉదయమును దాటి మేలుకొలుపు నడువదు, నడువవలసిన పనియు లేదు. సూర్యుని మేలుకొలుపు మాత్రము ఆయనను లేపినది మొదలు అస్తమింపజేయువఱకు విడిచిపెట్టదు. లెమ్మని పిలిచి నిద్రబుచ్చువఱకు వెంటనడచు మేలుకొలుపు వేఱొకటి నాకు కనబడలేదు. దేవాలయములందలి మేలుకొలుపును పాడువాడు పాట ముగియగానే తన పనికి పోవును. తక్కిన పగలు దేవునిది, అర్చకునిది. సూర్యవ్రతము పట్టిన యామెకు దైవము గర్భగుడిలో లేడు. ఆమె పెరటిలో నున్నను, వాకిట నున్నను, నూతికడ నున్నను ఆయన నెత్తిపైననే యున్నాడు. పగలంతయు దర్శనమే. కనుక పాట పగలంత పొడవు కావలసివచ్చినది.

ఇక నుపవాసము మాట. ధర్మశాస్త్రకారులు ఆహారనియమమును ఏకభుక్తము, నక్తము, అయాచితము, ఉపవాసము అని విభజించిరి. నక్తమనగా పగలు పస్తుండి రాత్రి భుజించుట. సూర్యవ్రతమున నీ నక్తమునకు విచిత్రమైన సవరణ కలదు. సూర్యుడు లేని వేళ సూర్యవ్రతి భుజింపరాదు గదా. అందుచేత సౌరనక్తమును పగటియందే యాచరింపవలెననియు, తన నీడ తనకు రెండింతలైనప్పుడు భుజింపవలెననియు నిబంధనకారులు వ్రాసిరి. ఈ నియమము నేను చదివినప్పుడు పాట యొక్క ముడి విడినట్లు తోచినది. వ్రతము పట్టినవాడు గడియారము చూడడు, ఘంట వినడు. తన కాలికడ పడిన నీడను చూచుకొనును. లెక్క వేసి చూచినచో, నీడ నిలువునకు రెండింతలగుటకు సూర్యుడు దిఙ్మండలమునకు ఇంచుమించు 26½ అంశల యెత్తున నుండవలెను. బళ్లారి 15 అంశల యుత్తరాక్షాంశమునకు దాపున నున్నది. మాఘమాసమున నిచ్చట నిట్టి నీడ పడుట నేటి గడియారముచొప్పున సాయంకాలము నాలుగు గంటలు దాటిన పిమ్మట, నాలుగున్నరకు లోపల. అనగా మూడవ జాము గడచి, ప్రొద్దు క్రుంకుటకు రెండు గంటలు మిగిలియున్న తఱి.

ఇప్పుడు పూలను మరల పరికింపుడు. ప్రొద్దుటి పూలు పొన్న, పొగడ, జాజి, సంపెంగ, మల్లె. ఇవి కొప్పులో ముడుచుకొనునవి, దేవునికి సమర్పించునవి. నడిమిప్రొద్దు దాటి మూడవ జాము రాగానే మునగ వచ్చినది. మునగ పూవును కొప్పులో తుఱుముకొనువారెవరు? అది పెరటిచెట్టు, పూవు, ఆకు, కాయ మూడును వంటకే పోవును. తరువాత ఆవ, అది పోపులపెట్టె. తరువాత వంగపండు, ఇన్ని పూల నడుమ నొకే యొక కాయ. చివరకు గుమ్మడి. మధ్యాహ్నమువఱకు తోటలోను గుడిలోను తిరిగిన చూపు మూడవ జామునుండి పెరటిలోనికి, వంటింటిలోనికి మరలినది. ఆకలిగొన్నవారి చూపు పోవు దారియే యిది. పాట ఎచ్చటను ఆకలియను మాట యెత్తలేదు. ఎత్తినచో వ్రతభంగమైనంత పని. పువ్వుల పేరులే యా మాట చెప్పినవి. సౌరనక్తమునకు శాస్త్రము విధించిన వేళయు, పాటలో కూరగాయల పూలు ప్రవేశించిన వేళయు నొకదాని కొకటి దగ్గఱగా నుండుట కాకతాళీయమని యనదలచినవారు అనవచ్చును. పాడిన స్త్రీలు నిబంధనగ్రంథములను చదివిరని నేననను. ఒకే నీడను ఇద్దఱును చూచిరి.

దీనికొక యాక్షేపము కలదు, అది బలమైనదే. కొన్ని పాఠములలో తెల్లవాఱుతఱి సూర్యునకు ఉల్లిపువ్వు చాయ చెప్పబడినది. ఉల్లి కూరగాయ, అంతేకాక వ్రతదినములందు నిషిద్ధము. సూర్యుడుదయించుచుండగనే నిషిద్ధవస్తువు నోట రావలసిన యవసరమేమి? ఇచ్చట ఉదయమునకు ఉకారము జతపడుటయే ముఖ్యకారణమని యొప్పుకొనక తప్పదు. అక్షరమైత్రి యీ పాటకు తాళమువంటిది. జాముతో జాజి, మధ్యాహ్నముతో మల్లె, మూడుతో మునగ, అస్తమయముతో ఆవ, వాలుటతో వంగ, క్రుంకుటతో గుమ్మడి. అయినను, అక్షరముకొఱకే పూలను తెచ్చినదైనచో మూడవ జామునకు మొల్లపువ్వు పనికిరాదా? వాలుటకు వకుళ మేల పనికిరాదు? క్రుంకుటకు కువలయమో కుందమో మన కవులకు చేతికందునంత దూరములోనే యున్నవి. అక్షరము కొన్ని పూలను వాకిటికి తెచ్చును. వానిలో దేనిని లోనికి పిలువవలెనో పాడునామె యెన్నుకొనును. ఉల్లి యొక్కటి పక్కనుంచినచో ఆ యెన్నిక పొడవునను ఒక్క తీరుననే సాగినది.

రెండవ సగమందలి పొడులు మఱింత సూక్ష్మమైనవి. పువ్వు చాయ చెప్పి యూరకుండక దానిపై ముత్యపు పొడి, అద్దపు పొడి, వజ్రపు పొడి, కుంకుమ పొడి చల్లుట యేల? పూవునకు రంగు కలదు గాని మిఱుమిట్లు లేవు. సూర్యుని రంగును పువ్వు చెప్పినది. కన్ను నిలువనీయని మెఱపును పొడి చెప్పినది. రంగును వెలుగును వేఱుచేసి, ఒకదానిపై నొకటి పరచిన యీ పని చిత్రకారునిది. వంగపండు చాయనుగూర్చి నాకొక యూహ కలదు. వాలుచున్న ప్రొద్దు ఊదారంగున నుండుట మనము చూడము. కాని పసుపుపచ్చని ప్రకాశమును తేఱి చూచి కన్ను మూసినచో ఱెప్పల వెనుక నూదామచ్చ యొకటి నిలుచును. ఆవపువ్వంత పసుపును చూచిన పిమ్మట వంగపండు కనబడుట కిది కారణమైయుండునా? ఊహయని ముందే చెప్పితిని.

ఈ పాట విలువ తెలియుటకు దీనిని మన ప్రబంధములప్రక్కన నుంచి చూడవలెను. బళ్లారివారి కిది పరాయి పని కాదు; విద్యానగరము హంపీ మన మండలములోనిదే, 2021లో విజయనగరము వేఱు జిల్లా యగువఱకు పరిపాలనలోను మనదే. దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు చెప్పిన వర్ణనలలో చంద్రోదయ సూర్యోదయములు చేరియున్నవి. అందుచే మన ప్రబంధకవులకు సూర్యుడు ముఖ్యముగా రెండు వేళలందు కావలెను: లేచునప్పుడు, పడునప్పుడు. నడుమనున్న పగలు కథకు వదలివేయబడినది. రాయల కొలువున పెద్దన వ్రాసిన మనుచరిత్రమున మధ్యాహ్నము వచ్చును గాని అది ప్రవరునకు ఇల్లు జ్ఞప్తికి వచ్చుటకు. హిమాలయపు వింతలను రేపు చూడవచ్చునని యతడు మరలబోవును, కాలి పసరు కరగిపోయియుండును. ఇక సాయంకాలము. మదనబాధకు వరూధినిని విడిచి పోయిన బ్రాహ్మణునిపై కోపించెనో యన్నట్లు సూర్యుడెఱుపెక్కెనని పెద్దన యుత్ప్రేక్షించినాడు. తెలుగు కవిత్వమున నింతకంటె గొప్ప యస్తమయమును చూపుట కష్టము. అయినను గమనింపుడు: అచ్చట సూర్యుడు వరూధినిని చూచుచున్నాడు, ఆమె పక్షము వహించుచున్నాడు. ఆమె సూర్యుని చూచుట లేదు. మన మేలుకొలుపులో నాయిక లేదు, విరహము లేదు, సూర్యుడెవ్వరి పక్షమును వహింపడు. చూచునది స్త్రీ, చూడబడువాడు సూర్యుడు. ప్రబంధము తలక్రిందులైనట్లున్నది.

స్తోత్రకావ్యములతోను ఇదే మాట. శ్రీహర్షుని కాలమువాడైన మయూరుడు సూర్యశతకమును స్రగ్ధరావృత్తమున రచించెను. స్రగ్ధరకు పాదమున 21 అక్షరములు, ఏడేడక్షరముల కొక విరామము. ఏడు గుఱ్ఱముల దేవునకు ఏడేసి యడుగుల నడక. ఛందస్సులే సూర్యుని గుఱ్ఱములని విష్ణుపురాణము చెప్పుచున్నది గనుక ఈ పొందిక చక్కనిదే. కుష్ఠువ్యాధి పోవుటకు మయూరుడా శతకము చెప్పెనని ఐతిహ్యము. ప్రౌఢదేవరాయల యాస్థానమున, అనగా మన హంపీలోనే, కనకాభిషేకము పొందిన శ్రీనాథుడు కాశీఖండమున కాశిలో నెలకొన్న ద్వాదశాదిత్యుల కథలను తెనిగించెను. ఇవన్నియు మహిమను కొనియాడును. సూర్యుడేమి చేయగలడో చెప్పును. స్త్రీల పాట సూర్యుడెట్లున్నాడో మాత్రమే చెప్పును. తక్కువ కోరిన కొలది ఎక్కువ కనబడునేమో.

భారతమున మాత్రము దీనికి దగ్గఱి చుట్టమొకటి కలదు. అరణ్యపర్వమున ధర్మరాజు వెంటవచ్చిన బ్రాహ్మణులకు అన్నము పెట్టలేక, ధౌమ్యుని యుపదేశమున సూర్యుని నుపాసించి యక్షయమైన యన్నమును పడసెను. ద్రౌపది భుజించువఱకే యా దినమున నన్నము తఱుగదు. అనగా నందఱు తినువఱకు ఆమె తినరాదు. సూర్యుడు, అన్నము, కడపట భుజించు స్త్రీ: ఈ మూడింటి సంబంధమును వ్యాసుడు కథగా చెప్పెను, మన యాడువారు పూలపేరులలో దాచిరి.

ఇక బళ్లారి ప్రత్యేకతకు వచ్చెదను. వ్రతము రెండు భాషల యిండ్లకును సమానమని మొదటనే చెప్పితిని. పాట అట్లు కాదు. దీనిని కన్నడమునకు మార్చి చూడుడు. జావమునకు జాజి కుదురును. మధ్యాహ్నమునకు మల్లిగె కుదురును. మునగ నుగ్గె యగును, మూఱింటికి నది సరిపడదు. ఆవ సాసివె యగును, వంగ బదనె యగును, గుమ్మడి కుంబళ మగును. అక్షరమైత్రి యంతయు చెడినది. తమాషా యేమనగా, కొప్పులోని పూలు సరిహద్దు దాటినవి, పెరటిలోని పూలు దాటలేకపోయినవి. అనగా ఈ పాటకు ప్రాణమని నేను చెప్పిన భాగమే తెలుగు శబ్దమునకు కట్టుబడియున్నది. కోపింపరేని, ఉదయమునకు ఉళ్ళాగడ్డి మాత్రము రెండు భాషలందును చక్కగా నతుకును!

1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, తక్కిన జిల్లా మైసూరునకును చెందినవి. అంతకుముందు, 1882లో, అనంతపురము వేఱు జిల్లా యైనది. సూర్యనారాయణస్వామి యాలయము గల ఉరవకొండ చెంత బూదగవి యంతవఱకును బళ్లారి జిల్లాలోనిదే. జిల్లాలు విడిపోయినను సప్తమి విడిపోలేదు. కాని బడిలో కన్నడము చదివి ఇంట తెలుగు మాటలాడు నేటి కోడండ్రకు వ్రతము అత్తగారినుండి సులువుగా వచ్చుచున్నది, పాట రావుట లేదు. జిల్లేడాకులను చూచి నేర్వవచ్చును. పాటను విని నేర్వవలెను. వ్రతదినమున ఆదిత్యహృదయమును యంత్రము వినిపించుచున్నప్పుడు ముసలమ్మ గొంతెత్తుటకు తావెక్కడ? ఆదిత్యహృదయముపై నాకు ద్వేషము లేదు. అది యుద్ధరంగమున రామునకు చెప్పబడిన స్తోత్రము. పొయ్యికడ నున్నదానికి చెప్పినది కాదు.

మన బళ్లారి సాహిత్యాభిమానమునకు పేరుపొందిన యూరు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమా సభ, బళ్లారి రాఘవగారి నటన తెలుగు నాటకమునకు త్రోవ చూపినవి. నాటకములలోని విషాదాంతము తగునా తగదా యని మన పెద్దలు ఎంతగానో వాదించిరి. వారి యిండ్ల పెరటిలో ప్రతి మాఘమునందును వినబడిన పాటపై నట్టి వాదము నడువలేదు. పాటలను సేకరించినవారు సైతము ముందు వీరగాథల వైపునకే మొగ్గిరి. బాయిల్ దొర 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తెలుగు గాథలనుగూర్చి వ్రాసినది సర్వాయి పాపని వంటి వీరుల కథలనే. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో వెలువడిన తరువాత స్త్రీల పాటలకు విశ్వవిద్యాలయమున చోటు దొరికినది. చోటు దొరికినదే గాని, ఒక్కొక్క పాటను కావ్యముగా నెంచి పదము పదము విప్పిచూచు విమర్శ పెరుగవలసినంత పెరుగలేదు.

ఉత్తరదేశమున బిహారువారి ఛఠ్ పండుగ కార్తిక శుద్ధ షష్ఠికి వచ్చును. వ్రతమూనినవారు దాదాపు 36 గంటలు మంచినీరు గూడ ముట్టరు. నీటిలో నిలిచి మొదట నస్తమించు సూర్యునకు, మఱునాడుదయించు సూర్యునకు అర్ఘ్యమిత్తురు. ఆ వ్రతము స్త్రీల పాటలు లేనిదే జరుగదు. 2024 నవంబరులో, ఛఠ్ ప్రారంభదినముననే, స్వర్గస్థురాలైన శారదా సిన్హాగారు ఆ పాటలను పాడి దేశమంతటికి వినిపించినారు. కూలికై పరదేశము పోయిన వానికి గూడ ఇంటిపాట వెంటవచ్చినది. మన పాటయు పలువురి గొంతుక ద్వారా అచ్చులోనికి, నాదముద్రలలోనికి ఎక్కినది. అయితే ఒక పాఠమే యెక్కినది. ఇంటింటి పాఠములు వెనుకబడినవి.

పాఠభేదములు చిన్నవి కావు. ఒకచోట మధ్యాహ్నమునకు మల్లె, మఱియొకచోట మంకెన. మల్లె తెలుపు, మంకెన యెఱుపు, రెండును మకారమే. తెలుపన్నవారు ఎండను చూచిరి, ఎఱుపన్నవారు ఎండ తాకిడిని చెప్పిరి. కొన్ని పాఠములు రెండింటిని కలిపి మల్లెపై మంకెన పొడి చల్లినవి. ఇది నాకు ఉత్తమపాఠమని తోచును, ఏలయన తెల్లని మంటలో ఎఱుపు దాగియుండునని చూచినవారే అట్లు చెప్పగలరు. గుమ్మడిపువ్వు విషయమున పాఠములు చాలవఱకు ఏకీభవించుచున్నవి. కాని గుమ్మడిపువ్వు తెల్లవాఱుజామున విచ్చి మధ్యాహ్నమునకే ముడుచుకొనును. సాయంకాలమునకు తీగపై నుండునది వాడిన పువ్వు. పెరటిగుమ్మడిని దినదినము చూచు స్త్రీకి ఇది తెలియకపోదు. కనుక క్రుంకు సూర్యునకు చెప్పినది విచ్చిన గుమ్మడి కాదు, ముడిచిన గుమ్మడియని నేను చదువుచున్నాను. దానిపై చల్లినది మాత్రము ముత్యము కాదు, వజ్రము కాదు. వాకిట దీపము పెట్టుటకు ముందు ముత్తైదువ నుదుట దిద్దుకొను కుంకుమ.